కళ్లద్దాల నెంబరు నిలిచిన ఏడాది

అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని నేను. మనవరాలూ నేనూ ఒకే పలక మీద దిద్దాం. నాకంటే ముందు తనే నేర్చుకుంది. ఇప్పుడు నేను చేయి చాచి పేపరు చదువుతుంటే, తను పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుంటోంది.

మాది అరవ పట్నంలో తంగసాల వీధి దగ్గర పప్పుల దుకాణం, పైన ఇల్లు. కిటికీ తెరిస్తే ఎదుటి గోడ. దూరంగా చూడడానికి పిల్లకు ఏమీ లేదు. రెండో తరగతిలోనే అద్దాలు వచ్చాయి. ఏటేటా అవి మందమవుతుంటే కళ్ల డాక్టరమ్మ చుక్కల మందు రాసింది. రోజూ పడుకోబోయే ముందు కంటికొక చుక్క. వేసే పని నాది. నా ఒళ్లో తల పెట్టి, చుక్క పడకముందే కళ్లు మూసేది.

"కళ్లు తెరుమే. మందు నీకా, నీ రెప్పలకా?"

"సల్లగా సిల్లుమంటాది అవ్వా. ముందు నువ్వు పోసుకో, సరియా?"

అట్లా ఏడాది వేశాం. ఆ తర్వాత అద్దాల అంగట్లో పరీక్ష చేయించాడు నా కొడుకు. నెంబరు పోయినేడు ఎంతో ఇప్పుడూ అంతే.

"ఏడాదిగా పోస్తా ఉండాం, రవ్వంత తగ్గలేదు. అమ్ముడుపోని సరుకును గోడౌన్లో ఎన్నాళ్లు పెట్టుకుంటాం మా? నిలిపెయ్."

"డాక్టరమ్మను ఒక మాట అడగరా."

"ఆమె ఏం చెప్తాది? ఇంకో సీసా కొనమంటాది."

మా వీధిలో ఏ సరుకు సంగతైనా అట్లాగే తేలుస్తారు. కూతురి కంటినీ అట్లాగే తేల్చాడు. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక ఉన్న సీసా చెత్తలోకి పోయింది.

మళ్లీ బడి తెరిచాక టీచరు కబురు పెట్టింది. ముందు బెంచీలో కూర్చోబెట్టినా బోర్డు కనిపించడం లేదట. ఈసారి ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికే పోయాం. చూసి, నెంబరు బాగా పెరిగిందంది. ఆంధ్రా నుంచి వచ్చిన మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇది నెంబరు తగ్గించే మందు కాదండీ. పెరగకుండా నెమ్మది చేసే మందు. ఏడాదిపాటు అక్కడే ఆగిందంటే మందు పనిచేసినట్టే కదా! ఎందుకు ఆపేశారు?"

"పెరిగింది మళ్లా తగ్గదా మేడం?" అన్నాడు కొడుకు.

"తగ్గదండీ. ఉన్నదాన్ని కాపాడుకుందాం."

ఇంటికొచ్చే దారిలో ఆటో ఆపించి, కొత్త సీసా వాడే కొన్నాడు. ఇప్పుడు సాయంత్రమైతే దుకాణం పనివాళ్లకు వదిలి, పిల్లను మిద్దె మీదికి తీసుకుపోతాడు. ఎండలో ఉంచమంది డాక్టరమ్మ. మా మిద్దె మీద అప్పటికి ఎండ ఉండదు.

నిన్న ఒళ్లో పడుకుని అడిగింది.

"అవ్వా, నా పాత అద్దాలు మళ్లా పెట్టుకోవచ్చునా?"

"లేదు."

"నాయన పెట్టుకోవచ్చన్నాడే?"

"మీ నాయనకు పప్పుల సంగతి తెలుసు. కళ్లు తెరు."

తెరిచింది. చుక్క పడేదాకా మూయకుండా నా వైపే చూసింది. అంత దగ్గరలో నా ముఖం కనిపిస్తుందనే అనుకుంటున్నాను. అడగలేదు.