తుంగభద్ర పడవకు ఆదోని దూది

శుక్రవారం తెల్లవారుజామున ఐదుంబావుకు కర్నూలు బస్టాండులో ఆదోని బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. చేతిలో ఖాళీ గోనెసంచి, మనసు నిండా దిగులు.

మా నాన్న తుంగభద్రలో నడిపిన టేకు మోటారుబోటును మూడేళ్లుగా బాగుచేస్తున్నాను. డీజిలింజన్ల రిపేరు షెడ్డు నాదే కాబట్టి ఇంజనుతో పేచీ లేదు. పేచీ అంతా చెక్కల సందులతోనే. ఒకసారి సీలెంటు పూశాను, ఇంకోసారి ప్లాస్టిక్ తాడు దట్టించాను. రెండుసార్లూ నదిలోకి దించిన గంటలోనే అడుగున నీళ్లు చేరాయి. బోటులో సగం వాటా ఉన్న మా అన్న తేల్చి చెప్పేశాడు: "ఈ ఆదివారం ఆఖరు. మళ్లీ కారితే టేకు కొనేవాడికి ఇచ్చేస్తా."

చివరికి మా వడ్రంగి సుంకన్న పాత పద్ధతి గుర్తుచేశాడు. కొత్త దూదిని వదులుగా పురి పెట్టి సందుల్లో దట్టిస్తే, తడిసినప్పుడు అదే ఉబ్బి బిగుసుకుంటుందట. దూది కావాలంటే ఆదోనికి పోక ఇంకెక్కడికి పోతాను?

ఎనిమిదిన్నరకు ఆదోనిలో దిగాను. బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిని, ఆటోలో పత్తి యార్డుకు వెళ్లాను. ఎటు చూసినా పత్తే, కానీ నాకు పనికొచ్చే దూది లేదు. అదంతా గింజ తీయని పత్తి. జిన్నింగు మిల్లు గేటు దగ్గర కాపలా పెద్దాయన నా సంచి వైపు జాలిగా చూశాడు. "బేళ్ల లెక్కన అయితే సెప్పు తల్లీ. కిలోల్లెక్కన ఈడెవురిస్తారు? పరుపులు కుట్టేటోళ్ల కాడికి పో."

పరుపులు కుట్టే ఖాజాబీ దుకాణం బజారు వెనక సందులో దొరికింది. బోటు కోసమని చెప్తే నవ్వింది. "పడవకు పరుపా అక్కా?" రెండు కిలోలు ఏకి ఇచ్చింది. ఇంకొంచెం మెత్తగా కావాలన్నాను, నలకలు తీయమన్నాను, పక్కనే కూర్చుని నేనూ ఏరాను. "ఏకై వచ్చి మేకైనావు కదక్కా," అంటూనే టీ తెప్పించింది. పదకొండున్నర అయింది.

పురి పెట్టే మనిషి ఆదోనిలో కుదరలేదు. ఖాజాబీయే ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఈరన్న పేరు చెప్పింది. పన్నెండు గంటల బస్సు పట్టుకుని ఒంటిగంటకు అక్కడున్నాను. ఈరన్న దూదిని వేళ్లతో నలిపి చూసి, భార్యను రాట్నం దగ్గర కూర్చోబెట్టాడు. "రెండు గంటలు పడతాది. బువ్వ తినేసి రా అక్కా." మెస్సులో జొన్నరొట్టె, పుండికూర పప్పు, అదే గోంగూర పప్పు, తిన్నాను. కడుపు నిండింది, కాస్త ధైర్యమూ వచ్చింది.

తిరిగి వచ్చేసరికి నా దూదితాడు వీధి పొడుగునా బారుగా సాగదీసి కట్టి ఉంది, నిగనిగలాడుతూ. ముట్టుకుంటే జిగురు. ఈరన్న శ్రద్ధగా గంజి పెట్టేశాడు.

"గంజి నీళ్లలో కరిగిపోతుందప్పా. తాడు ఉబ్బకముందే సందులోంచి జారిపోతుంది," అన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

ఈరన్న ముఖం చిన్నబోయింది. "గంజి పెట్టకుండా నూలును గడప దాటనిచ్చేదెట్లక్కా? నా సేతులకు తెలిసింది అదే."

తప్పు నాదే. నూలు మనిషికి నీళ్ల సంగతి నేను చెప్పలేదు. భార్యాభర్తలు వేడినీళ్లు కాచి, తాడును మూడుసార్లు ఉతికారు. నాలుగున్నరకు జిగురు పోయింది, తడి మిగిలింది. తెల్లారితే సుంకన్న పనిలోకి వస్తాడు, నేను ఆగలేను. "ముద్దగా పెడితే పురి ఇడిపోతాది. సాగదీసే ఆరబెట్టాల," అంటూ ఈరన్న నాతోపాటు బస్టాండుకు వచ్చాడు. ఐదుంబావు కర్నూలు బస్సులో ముందు కడ్డీకి తాడు కొస కట్టి, వెనక సీటు దాకా అటూ ఇటూ తిప్పి దిగిపోయాడు.

కండక్టరు వంగి దూరుతూ గొణిగాడు. "బస్సునే మగ్గం సేసినారు కదమ్మా." అయినా విప్పమనలేదు. నాకు సిగ్గేసింది కానీ, కిటికీల గాలికి తాడు ఆరుతుంటే ప్రాణం లేచొచ్చింది. ఉరుకుంద గుడి నుంచి వస్తున్న ఒక పెద్దావిడ, జారుతున్న వరసను గంటసేపు చేత్తో ఎత్తి పట్టుకుంది. కోడుమూరులో దిగుతూ దాన్ని పక్క సీటు ఆయన చేతికిచ్చి, "కింద పడనీకప్పా, పడవదంట," అని చెప్పి వెళ్లింది. కర్నూలులో తాడు చుట్టడం అయ్యేదాకా నలుగురైదుగురు దిగకుండా సాయం పట్టారు. ఆదోనికి దూది కోసం వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఎందుకు కావాలో ముందే చెప్పండి. చెప్తే ఆ ప్రాంతం వాళ్లు మీ పనిని తమ పనిగా పట్టుకుంటారు.

శనివారం సుంకన్న తాడు దట్టించి పైన లప్పం పెట్టాడు. ఆదివారం పొద్దున బోటు దించాం. టేకు కొనేవాడు ట్రాక్టరుతో సహా వచ్చి గట్టున నిలబడ్డాడు. మొదటి అరగంట సన్నగా చెమ్మ ఊరింది, అన్న నా ముఖం చూశాడు. తర్వాత ఆగిపోయింది. మధ్యాహ్నానికి ట్రాక్టరు ఖాళీగా వెళ్లిపోయింది. అన్న, ప్యాంటు మడవకుండా, చెప్పులు విప్పకుండా బోటులోకి దిగి నాన్న సీట్లో కూర్చున్నాడు.

నేను ఈరన్నకు ఫోన్ చేశాను. అవతల మగ్గం చప్పుడు ఆగింది.

"గంజి లేకుండానే నిలబడిందా అక్కా?"

"నిలబడిందప్పా," అన్నాను.