మహాగని బీరువా మీద గోనెపట్టా

తప్పు నాదే. ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే జాన్ బాషా బాబాయ్ ఇప్పటికే పేటంతా చెప్పేశాడు. నలభై ఏళ్లు పాత చెక్క సామాను అమ్మిన మనిషి పరువును ఒక్క గోనెపట్టాతో తుమ్ముల పాలు చేశాను.

బాబాయ్ కొట్టు గుంటూరు మిర్చి యార్డు వెనక సందులో ఉంది. పాత కుర్చీలు, మంచాలు, తలుపులు కొని, బాగుచేసి, లక్క పాలిష్ పెట్టి అమ్ముతాడు. ఆయన వ్యాపారం నాకెప్పుడూ అంతుబట్టలేదు. కొనడానికి వచ్చినవాడికి ముందు లోపం చూపిస్తాడు, తర్వాతే సరుకు. "ఈ మంచానికి మూడు కోళ్లు టేకు, ఒకటి వేప" అని మొదలుపెడితే సగంమంది అక్కడే చెప్పులు తొడుక్కుంటారు.

ఆ కొట్టులో పదకొండేళ్లుగా ఒక బీరువా ఉంది. ఇంగ్లండులో చేసిన మహాగని పుస్తకాల బీరువా. ఎనిమిదడుగుల ఎత్తు, పైన అద్దాల తలుపులు, కింద చెక్క తలుపులు. చీరాల వైపు ఎవరో పొగాకు దొర బంగళా కూలగొడుతుంటే తెచ్చాడు. దాన్ని నింపాలంటే మా పేట పుస్తకాలన్నీ పోగేసినా ఒక అర నిండదు. ఒకాయన మందు సీసాలకని అడిగాడు, ఇంకొకాయన విడగొట్టి గుమ్మాలు చేయించుకుంటానన్నాడు. ఇద్దరికీ ఇవ్వలేదు. "పుస్తకాలు మోసిన చెక్కరా అది" అనేవాడు, మూడో తరగతి మానేసిన మా బాబాయ్.

ఈలోగా ఆ అద్దె కొట్టును ఓనరు అమ్మేశాడు. శుక్రవారానికి ఖాళీ చేయాలి. బాబాయ్ ఇంట్లో ఆ బీరువా పట్టదు.

"ఎవరూ తీసుకోకపోతే కోత మిల్లుకే" అన్నాడు, రంపం తన మెడ మీద పెట్టినట్టు.

నేను ఫోన్‌లో ప్రకటన పెట్టాను. "అచ్చమైన ఇంగ్లిష్ మహాగని. తలుపు తీస్తే నూటయాభై ఏళ్ల పుస్తకాల వాసన." లోపాల ఊసెత్తలేదు. బుధవారం విశాఖ నుంచి జ్యోతిర్మయి గారని, రిటైరైన లైబ్రేరియన్, రేపు వస్తానని ఫోన్ చేశారు. గురువారం పొద్దున్నే కొట్టుకెళ్లి, చేతికందిన గోనెపట్టాతో అరలన్నీ కసిగా తుడిచాను. అది ఎండుమిరపకాయల బస్తా విప్పిన గోనె. ఈ సందులో పుట్టిన ముక్కుకు అలాంటివి తెలియవు.

ఆవిడ వచ్చారు. తలుపు తీసి, నా ప్రకటన నమ్మి, తల లోపల పెట్టి గుండెల నిండా వాసన పీల్చారు.

పదిహేడు తుమ్ములదాకా లెక్కపెట్టాను. తర్వాత లెక్క తప్పింది.

"ఇదేం పుస్తకాల వాసనండీ?" అన్నారు కళ్లు తుడుచుకుంటూ.

"నూటయాభై ఏళ్ల దుమ్ము కదా మేడమ్" అన్నాను.

"నోర్ముయ్" అన్నాడు బాబాయ్. "దుమ్ము కాదమ్మా, మిరప ఘాటు. మావోడు మిరపకాయల గోనెతో తుడిచాడు. ఇంకా వినండి. వెనక చెక్క మహాగని కాదు, మామిడి. నేనే వేశా. ఎడమ తలుపు అద్దం బజార్లో కోయించింది. కింద తాళం పడదు."

అయిపోయింది, బీరువా మిల్లుకే అనుకున్నాను.

ఆవిడ ఇంకోసారి తుమ్మారు. "ఇప్పటికి ఐదు బీరువాలు చూశానండి. అన్నీ అచ్చమైనవే అన్నారు, వెనక్కి తిప్పితే ప్లైవుడ్డు. అడక్కుండా వెనక చెక్క సంగతి చెప్పింది మీరొక్కరే. నాలుగు వందల పుస్తకాలు నేలమీద పడున్నాయి. బండి పిలిపించండి."

బాబాయ్ అరలన్నీ నూనెగుడ్డతో రెండుసార్లు తుడిచాడు. ఘాటు పూర్తిగా పోలేదు. బండి సందు మలుపు తిరిగేదాకా నిలబడి చూశాడు. కళ్లు ఎర్రబడ్డాయి. మిరప ఘాటేనన్నాడు. అరవై రెండేళ్లుగా ఆ ఘాటు ఆయన్నేమీ చేయలేదని మా ఇద్దరికీ తెలుసు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "ఎంతైనా నా ప్రకటన వల్లే కదా బాబాయ్ అమ్ముడుపోయింది. ఓ మూల నా పేరు చెక్కి పంపాల్సింది."

ఆయన గోనెపట్టా తీసి నా భుజం మీద పడేశాడు.

"అక్కర్లేదురా. తుమ్మినప్పుడల్లా ఆవిడ నిన్నే తల్చుకుంటదిలే."