పడుగు దారిలో రెండు చెట్లు

నీళ్ళు కరువైన ఇంట్లో ఏ పూలచెట్టు పెట్టుకోవాలని ఎవరైనా అడిగితే నేను గన్నేరు అంటాను. ఆ వెంటనే బిల్లగన్నేరు అని కూడా అంటాను. రెండింట్లో ఒక్కటే చెప్పమంటే చెప్పను. కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో, ఒక కరువు ఎండాకాలం తర్వాత, ఆ ఒక్కటి చెప్పమని మా అత్తింట్లో నన్ను నిలదీశారు. అప్పుడే చెప్పనిదాన్ని ఇప్పుడెందుకు చెబుతాను?

మాది సిద్దిపేటలో మగ్గాల వాడ. రాజ్యం ఇంకా నవాబుదే. మా ఇంటి పక్కన పొడవాటి ఖాళీ జాగ ఉండేది. నిలువు పోగులను మగ్గానికి ఎక్కించేముందు ఆ కొస నుంచి ఈ కొసకు నడుమెత్తు కర్రల మీద సాగదీసి, వాటికి జొన్న గంజి పట్టించి, మా మామ, మా ఇంటాయన చెరో పక్కన నిలబడి కుంచెతో దువ్వుకుంటూ పోయేవారు. ఆ పోగులనే పడుగు అంటాం. ఎండ ముదిరితే గంజి గడ్డ కడుతుంది, గాలి లేస్తే పోగులు చిక్కుపడతాయి. అందుకని పొద్దు పొడిచీ పొడవకముందే ఆ పని అయిపోవాలి. ఆ వేళ అటుగా కోడి వచ్చినా మా మామ ఓర్చేవాడు కాదు. అటువంటి జాగలో గోడవారగా నేను గన్నేరు నాటుకున్నాను.

ఎందుకంటే నాకో మొక్కు ఉండేది. నేను బడి ముఖం చూడలేదు. నంగునూరులో మా బాపు సాయంత్రాలు పురాణం చదువుతూ, అక్షరాల కింద నా వేలు పెట్టి నడిపించేవాడు. అట్లా చదువు వచ్చింది. చదువు ఇచ్చిన స్వామికి రోజూ నా చేతితో పెంచిన పువ్వు ఒకటి పెడతానని చిన్నప్పుడే మొక్కుకున్నాను. కాపురానికి వచ్చేటప్పుడు నంగునూరులో మా అవ్వగారింటి గన్నేరు కొమ్మను తడిగుడ్డలో చుట్టుకుని తెచ్చుకున్నది అందుకే.

బిల్లగన్నేరును నేను తేలేదు. గోడకు పూయడానికి తెచ్చిన మన్నులో దాని గింజ వచ్చినట్టుంది. ఒకనాడు గన్నేరు పక్కనే మొలిచి ఉంది. పంపిన స్వామికి దండం పెట్టుకుని ఉండనిచ్చాను.

రెండింటి గుణాలూ వేరు. గన్నేరు మొదటి ఏడు నీళ్ళు అడుగుతుంది, వేరు దిగాక ఇక అడగదు. తోలు వంటి ఆకు. నడి ఎండలో కూడా నిటారుగా నిలబడుతుంది. మనిషెత్తు పెరిగి, కొమ్మల చివర గుత్తులుగా ఎర్రగా పూస్తుంది. కాని ఒళ్ళంతా విషమే. కొమ్మ విరిస్తే చేతులు కడుక్కోవాలి, ఎండు పుల్లను సైతం పొయ్యిలో పెట్టకూడదు. బిల్లగన్నేరు మోకాలెత్తు దాటదు. మధ్యాహ్నం దాని ఆకులు వేలాడిపోతే ఇక చచ్చిందనుకుంటాం. పొద్దు వాలేసరికి ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది. వాసన లేదు, కాని పూయని రోజు లేదు. గింజలు తనే రాల్చుకుని, బండల సందుల్లో తనే మొలుస్తుంది. మేకలు రెండింటినీ వాసన చూసి పోయేవి.

మా మామకు గన్నేరు గిట్టదు. ఒకసారి దాని ఆకు విరిగి, పాలు పడుగు మీద పడి మరక అయింది. బిల్లగన్నేరు సంగతి ఆయన పట్టించుకోలేదు, పడుగు దాని మీదుగా పోతుంది కదా. మా అత్త తీరు వేరు. గన్నేరు దేవుని పువ్వు, ఉండాలి అనేది. బిల్లగన్నేరును చూస్తే మాత్రం ముఖం తిప్పుకునేది. "బొందలగడ్డల సమాధుల మీద పూసేది. గది ఇంట్ల ఉండొచ్చునా?" అనేది.

ఆ రోజుల్లో కోడలు మామకు ఎదురుపడి మాట్లాడకూడదు. నేను తలుపు చాటున, ఆయన అరుగు మీద, నడుమ మా అత్త. ఒకరి మాట ఒకరికి వినబడుతూనే ఉంటుంది, అయినా అత్త నోటి మీదుగానే పోవాలి.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. మాఘం నాటికే బావిలో చేద అడుక్కు తగిలి బురద వచ్చేది. ఇంటికి రెండు బిందెలు దొరికితే గొప్ప. అప్పుడు మా మామ అరుగు మీద నుంచి అన్నాడు:

"నీ కోడలికి చెప్పు. వానలు పడేదాక బిందెల నీళ్ళు సుక్క గూడ చెట్లకు పొయ్యొద్దు. గప్పటికి ఏది బతికుంటే గది ఉంచుకొమ్మను. రెండోది పీకుడే."

రెండూ చస్తాయని ఆయన ధీమా. సరేనన్నాను. మాట తప్పలేదు కూడా. గిన్నెలు కడిగిన నీళ్ళు సైతం బర్రె కుడితికే పోయాయి. జొన్న చొప్ప నరికి మొదళ్ళ చుట్టూ పరిచాను. రోజూ దండం పెట్టాను. నేను చేసింది అంతే.

వైశాఖంలో గన్నేరు పూత ఆపేసింది. ఆకు మాత్రం రాల్చలేదు. స్వామి గూటిలో పెట్టడానికి బిల్లగన్నేరు ఒక్కటే మిగిలింది. పెట్టాను. మా అత్త తీసేసింది. మరొకటి కోసుకొచ్చి పెట్టాను. అదీ తీసింది. అదీ పోతే ఇంకొకటి పెట్టాను.

"దేవుని మొఖం మీద బొందలగడ్డ పువ్వా? బుద్ధుందా నీకు?"

"గక్కడ పూయించేది గూడ గీ స్వామే గదా అత్తమ్మా. ఆయనకు లేని పట్టింపు మనకెందుకు?"

"సదువు నేర్పి నీ బాపు నిన్ను గిట్ల తయారుచేసిండు" అని విసురుగా వంటింట్లోకి పోయింది. ఆ మూడో పువ్వును మాత్రం తీయలేదు.

మృగశిర వెళ్ళాక మంచి వాన పడింది. రెండు చెట్లూ బతికే ఉన్నాయి. మా మామ వాటి చుట్టూ తిరిగి చూసి, అరుగెక్కి కూర్చున్నాడు.

"గన్నేరు పీకెయ్యమను."

మా అత్త తలుపు వైపు తిరిగింది. "ఇన్నవా పిల్లా? గా బొందలగడ్డ చెట్టు పీకెయ్యమంటుండు మీ మామ."

"నేను గట్ల అన్ననా?"

"నువ్వేమన్న అను. పీకవలసింది గదే."

"మామకు చెప్పు అత్తమ్మా" అన్నాను తలుపు చాటు నుంచి. "ఏది బతికితే గది ఉంచుకొమ్మన్నడు. రెండూ బతికినయ్. రెండూ ఉంటయ్."

మా అత్త ఆయనతో, "ఆలోచించి చెప్తదట" అన్నది.

"అత్తమ్మా, నేను గట్ల అనలే."

ఆయన గొంతు పెంచాడు. "పందెంల రెండు గెల్సుడు ఉండదు. ఒక్కటే."

"అయితే బొందలగడ్డదే ఓడింది" అన్నది మా అత్త. "నీ పడుగు గంజి సుక్కలు దాని మీద పడుతనే ఉన్నయ్. గవి నీళ్ళు గావా?"

"గంజి నీళ్ళెట్ల అయితయే?"

"అన్నంల పోసుకుంటే తాగుతవు గదా. నీళ్ళే."

నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. కాని లోపల భయంగానే ఉంది. వాళ్ళిద్దరిలో ఎవరి మాట నెగ్గినా నాకు ఒక చెట్టు పోతుంది. చివరికి, "ఏది పీకాల్నో మీరిద్దరు ఒక్క మాట మీదికి రాండ్రి, అటెన్క నన్నడుగుండ్రి" అన్నాను. వారం రోజులు వాళ్ళు ఒక్క మాట మీదికి రాలేదు.

ఎనిమిదో రోజు సాయంత్రం మా మామ తేల్చేశాడు. "రేపు పొద్దుగాల పడుగున్నది. గన్నేరు నేనే నరుకుత."

తెల్లవారుజామునే లేచాను. పాత చీర అంచులు చింపి, గన్నేరు కొమ్మలను ఒక్కొక్కటిగా గోడ వైపు వంచి, మేకులకు కట్టాను. కర్రలు నాటే దారిలోకి ఒక్క ఆకు కూడా రాకుండా చూసుకున్నాను. పని అయ్యేసరికి మా మామ కొడవలి పట్టుకుని వచ్చాడు. నేను చెట్టు ముందు నిలబడ్డాను. చాటుకు తలుపు లేదు. కొంగు తల మీదికి లాక్కున్నాను.

"నీ కోడలిని జరగమను" అన్నాడు మా అత్తతో.

మా అత్త ఎన్నడూ లేనిది ఆ మాట నాకు చేరవేయకుండా చేతులు కట్టుకుని నిలబడింది. నేనే మాట్లాడాను.

"జరగ మామా. మీరు పెట్టిన షరతు మీద నాలుగు నెలలు సుక్క నీళ్ళు లేకుండ నిలబడినయ్ ఇవి. ఒక్కదాన్ని చంపమంటే నాతోని గాదు. పడుగు సాగదీయుండ్రి. గీ గన్నేరు ఆకు ఒక్కటి పోగుకు తాకినా, గప్పుడు కొడవలి నాకియ్యుండ్రి, నేనే నరుకుత."

నా కాళ్ళు కదలలేదు. ఆ కాళ్ళకు బలమిచ్చిన స్వామికి ఈనాటికీ దండం పెట్టుకుంటాను.

మా మామ నన్ను చూడలేదు. మా అత్తను చూశాడు. "నీ కోడలు నాతోని మాట్లాడింది."

"నాకు చెవులున్నయ్" అన్నది మా అత్త. "ఇగ నడుమ నేనెందుకు? మీరు మీరు చూసుకోండ్రి."

తూర్పున వెలుగు పెరుగుతోంది. గంజి చల్లారిపోతోంది. ఆయన కొడవలిని చూరులో గుచ్చి, కర్రలు తెమ్మని కొడుకును కేకేశాడు. పడుగు ఆ కొస నుంచి ఈ కొసకు సాగింది. కింద బిల్లగన్నేరు మీద గంజి చుక్కలు టపటపమంటున్నాయి. సగం పని అయ్యేసరికి ఒక కట్టు సడలి, గన్నేరు కొమ్మ ఒకటి ముందుకు జరిగింది. రెండు చేతులతో అందుకుని గుండెకు అదుముకున్నాను. కుంచె నా మోచేతిని రాసుకుంటూ పోయింది.

"గట్టిగ పట్టు పిల్లా, గాలి లేస్తున్నది" అన్నాడు మా మామ, నాతోనే.

పోగులన్నీ ఆరేదాకా వదలలేదు.