గొలుసు గడియారం మీద గీతలు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. నా ఇంటిదానికి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నానేమో. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇంత పొడవు ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

చిత్తూరులో నాది వాచీలు బాగుచేసే చిన్న బంకు. ఇప్పుడు బ్యాటరీలు మార్చడం తప్ప పెద్దగా పనిలేదు. అప్పట్లో మాత్రం పాత గడియారమంటే నా దగ్గరికే తేవాలని పేరుండేది. ఆ పేరే నన్ను ముంచింది. కాదు. పేరేం చేస్తుంది? నేనే మునిగాను.

పలమనేరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆవులున్న రైతు. పేరు రాయను. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన తువ్వాలు మూట విప్పితే, వాళ్ల తాతనాటి వెండి గొలుసు గడియారం. మూత నిండా తీగలు, పూలు చెక్కి ఉన్నాయి. వెనకవైపు అద్దం. అందులోంచి లోపలి చక్రాలన్నీ కనిపిస్తాయి. మధ్యమధ్య ఎర్రరాళ్లు. ఒక మూల చిన్న చక్రం కోడిపిల్ల గుండెలా కొట్టుకుంటోంది. రోజుకు పావుగంట వెనకబడుతోంది, శుభ్రం చేసి పెట్టమన్నాడు.

ఇలాంటివి విప్పే ముందు లోపలి స్ప్రింగుకు తిప్పిన కీ అంతా వదిలేయాలి. మా పనిలో మొదటి పాఠం అదే. ఆరోజు పక్క బంకు టైలరును పిలిచి చూపించి, దీన్ని ముట్టుకునే ధైర్యం ఈ ఊళ్లో నాకొక్కడికే ఉందని గొప్పలు పోయాను. అతను వెళ్లాక కూడా ఆ మత్తు దిగలేదు. కీ వదలకుండానే పైరేకు స్క్రూలు విప్పాను. జర్రుమని చక్రాలన్నీ ఒక్కసారి తిరిగాయి. ఒకదానికి పళ్లు రాలిపోయాయి.

పొరపాటైంది అని ఒక్కమాట అంటే సరిపోయేది కదా? ఎందుకు అనలేకపోయాను? దానికి బదులు ఏం చేశానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. స్క్రూల తల మీద నేనే గీతలు గీశాను. అవి తెల్లగా మెరుస్తుంటే, కొత్తవని తెలియకుండా నూనె మురికి పూశాను.

పెద్దాయన వచ్చినప్పుడు నా నోట మాట తడబడలేదు.

"మీ ఇంట్లో ఎవురో ముందే దీన్ని గెలికినారన్నా. ఈ గీతలు సూడు."

ఆయన నా భూతద్దంలో చాలాసేపు చూశాడు. "ఇంకెవురబ్బా, మా తమ్ముడే. కనపడిందల్లా విప్పే గుణం వానిది. రేడియో విప్పినాడు, బోరు మోటరు విప్పినాడు. ఇది పెట్టిన పెట్టె తాళం గూడా వాని దగ్గరే ఉణ్ణింది."

"అయ్యుంటుంది లే" అన్నాను.

వారం తిరక్కముందే ఆ తమ్ముడు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, నవ్వుమొహం.

"అన్నా, ఆ గీతలు పాతవా, కొత్తవా? నువ్వే సెప్పల్ల."

"పాతవే."

"అట్లయితే మా యన్న కాణిపాకం పోదాం పా అంటాండాడు. పోతా. నాకేం బయం? ముట్టుకునుంటే గదా!"

కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేస్తే మూడు నెలల్లో శిక్ష తప్పదని మా వైపు గట్టి నమ్మకం. ఆ తమ్ముడు కోనేట్లో మునిగి, తడిబట్టలతో నిలబడి, నేను తెరవలేదని ప్రమాణం చేశాడు. నిజమే చెప్పాడు. అది నిజమని తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరమే. ఆయన, నేను.

రెండో నెలలో ఆయన బండి మీద నుంచి పడ్డాడు. కాలు విరిగింది. అంతే, దేవుడు చూపించాడన్నారు ఊరంతా. అన్న మాట్లాడడం మానేశాడు.

అప్పుడైనా పరుగెత్తి వెళ్లి చెప్పాల్సింది. వెళ్లలేదు. తమ్ముడే నా దగ్గరికి వచ్చాడు, కట్టె పట్టుకుని. ఈసారి నవ్వు లేదు.

"సామి తప్పు సెయ్యడు గదన్నా. నేనే యెప్పుడో తెరిచుంటా. ఎంత ఆలోసించినా మతికి రాలే."

 చేతిలో ఉన్న ఎవరిదో వాచీకి బ్యాటరీ వేస్తున్నట్టు నటించాను. చెయ్యని తప్పును ఆయన తనలో వెతుక్కుంటుంటే, చేసినవాణ్ణి నేను మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాను. ఆ తర్వాత అన్న కాళ్లు పట్టుకుని ఒప్పుకున్నాడని విన్నాను. అన్న ఇప్పుడు మాట్లాడుతున్నాడట. కానీ ఊళ్లో ఎవరిది ఏ వస్తువు పోయినా ముందు ఆయన వైపే చూస్తారట. దేవుడి ముందే అబద్ధమాడినవాడు కదా అని.

శిక్ష ఆయనకెందుకు పడింది, నాకెందుకు పడలేదు? చాలా రోజులు ఇదే అడుక్కున్నాను. ఇది కూడా తప్పించుకునే ప్రశ్నే. ఆయన పడింది రోడ్డు మీద గుంతలో. దాన్ని శిక్షగా మార్చింది నా నోరు.

వెళ్లి ఆయనకు చెబుతానా? రెండుసార్లు పలమనేరు బస్సెక్కాను. రెండుసార్లూ మధ్యలో దిగిపోయాను. మళ్లీ ఎక్కుతానని మీకు మాటివ్వను. నా మాటకు విలువెంతో మీకు తెలిసింది కదా.

ఆ గడియారం ఆయన తెరవలేదు. పాడుచేసింది నేను. ఈ రెండు ముక్కలు రాయడానికి మూడు రోజులు పట్టింది. రాసినా సిగ్గు తగ్గలేదు.