గుండెను కొట్టిన కావలి

ఆ ఏడు చెరుకు కోతలప్పుడు మా ఆయనకు జలుబు, జ్వరం వచ్చి తగ్గాయి. ఆయాసం మాత్రం మిగిలింది. అంతలో ఫ్యాక్టరీ నుంచి మా చెరుకుకు కోత చీటీ వచ్చింది. మా బావ, అంటే ఆయన అన్న, గడపలో నిలబడి, "జలుబుకు గింత నకరాలా? బాలింత లెక్క పండుకున్నవేందిరా, లే!" అన్నాడు.

ఆయన లేచి పోయాడు. మోపు ఎత్తుతూ చేన్లోనే కూలబడ్డాడు.

బోధన్‌లో బస్సెక్కించి నిజామాబాదు తీసుకుపోయాను. అక్కడ కంఠేశ్వర్ గుడి దగ్గరి డాక్టరు ఎద మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

"గుండె వాచిందమ్మా. జరం తెచ్చిన పురుగు గుండెలకు పోయింది. గసొంటి పురుగును సంపేతందుకు మన ఒంట్లనే కావలి ఉంటది. అది పురుగును కొట్టింది, గని ఆగుతలేదు. ఇప్పుడు గుండెనే కొడుతున్నది."

చదివింది రెండు తరగతులే అయినా ఆ మాట నాకు ఎక్కింది. మా చేన్లో అడవిపందులు దూరితే కావలివాళ్లు కట్టెలు పట్టుకుని ఉరికేవారు. పందులు పోయాక కూడా, కదిలిన ప్రతి చెరుకు గడనూ విరగ్గొట్టేవారు.

"మందేంది సారూ?"

"పండుకునుడే మందు. చెంబు సుత ఎత్తొద్దు. పనికి తోలినవో, పానం పోతది."

ఆయన ఎద మీద దుప్పటి అదురుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. ఇంత చేసినవాళ్లను ఊరికే వదలాలా? ఒంట్లో కావలి నా చేతికి దొరకదు. బావ దొరికాడు.

మంచాన్ని బండ్లబాటకు ఎదురుగా వేయించాను. తమ్ముడి వంతు మోపులు కూడా బావే మోయాల్సి వచ్చింది. పైసా తీయాలంటే ప్రాణం పోయే నేను బత్తాయిలు కొని, బావ ఆ దారిన పోయేటప్పుడే తీరిగ్గా వలిచేదాన్ని.

"ఏం మరదలా, రాజును సాదుతున్నవా?"

"ఔ బావా. కూలోన్ని పెడితె పైసలైతయి. నువ్వుంటివి గద!"

మళ్లీ చూపించడానికి తీసుకుపోయిన రోజు డాక్టరు గొట్టం తీసి నవ్వాడు. "కావలి ఇగ కొడుతలేదమ్మా. రేపటిసంది జర జర నడిపియ్యి."

ఇంటికొచ్చి ఆయన్ను మంచంలో వాల్చేసరికి బావ ఎదురుగా మోపు దించాడు. "ఏమన్నడు డాక్టరు?"

మా ఆయన నోరు తెరవబోయాడు. దుప్పటి గదుమ దాకా లాగాను.

"ఇంకో నెల పండుకోమన్నడు బావా."

బావ మూలుగుతూ మోపు ఎత్తుకుని పోయాడు.

"నెలనా?" అని గొణిగాడు ఆయన.

"కోతలు ఒడిసేదాంక. పండుకో," అన్నాను.