బీరువాలో రోబో

నాకు ముక్కు మీద కోపమని స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు. వచ్చినంత త్వరగానే పోతుంది కూడా. ఈ ఒక్క కోపం మాత్రం ఇంకా దిగలేదు.

పెడనలో మా బడికి ఒక రోబో వచ్చింది. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. కింద చక్రాలు, పైన బాణం గుర్తుల బటన్లు. ఏ వరసలో నొక్కితే ఆ వరసలో, గడులు గీసి, అక్కడక్కడా బొమ్మలు వేసిన పట్టా మీద నడుస్తుంది. దానితో పిల్లలకు ఒక పనిని మెట్లు మెట్లుగా విడదీసి ఆలోచించడం నేర్పమని లెక్కల టీచరునైన నాకు అప్పగించారు. అప్పగించడం కాగితం మీదే. రోబో హెడ్మాస్టరు గారి బీరువాలో, తాళంచెవి ఆయన జేబులో. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతుందట! వారానికి ఒక్క పీరియడు బయటికి తీసేవారు, అదీ పక్కనే కాపలా నిలబడి.

ఒకరోజు, వరసలోని అయిదు గడులనూ రోబో తాకేలా ఆదేశాలు రాయమన్నాను. పదో తరగతిలో, చెక్క అచ్చులతో గుడ్డల మీద కలంకారీ అద్దకం చేసే ఆయన కూతురు ఒకతి ఉంది. ఆ పిల్ల ఒక గడి ముందుకు, ఒకటి వెనక్కి, రెండు ముందుకు, రెండు వెనక్కి అంటూ పేజీ నింపింది. ఎర్ర సిరాతో కొట్టేశాను.

"నేరుగా వెళ్తే పోయేదానికి ఈ తిరుగుడెందుకే?" అని కసిరాను.

"మరి రంగు అద్దుకోవద్దా టీచర్? అచ్చు ప్రతిసారీ తొట్టి దగ్గరికి రాకపోతే గుడ్డ మీద ఏం పడుద్దండీ?"

దాని కళ్లకు రోబో అచ్చులా కనిపించింది. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయిస్తూ ప్రతిసారీ ఒక్కటి పెంచడం నేను రెండు నెలల తర్వాత చెప్పాల్సిన పాఠం. నా కొట్టివేతను నేనే కొట్టేసి, బందరులో జరిగే సైన్స్ ప్రదర్శనకు పంపే జాబితాలో ఆ పిల్ల పేరు రాశాను.

హెడ్మాస్టరు గారు తీసేయమన్నారు. "రంగులూ గింగులూ అంటే మిషను పాడైపోద్ది మేడమ్. ఫస్టు ర్యాంకు అమ్మాయి చేత ఇంటి బొమ్మ దాకా పోయే బటన్లు బట్టీ పట్టించండి, చాలు."

అందరి మీదా ఎగిరిపడే నేను ఆయన ముందు మాత్రం సరేనని తలూపాను. బట్టీ కూడా నేనే పట్టించాను.

బందరులో పరీక్షించడానికి వచ్చినాయన బల్ల మీది పట్టాను అడ్డంగా తిప్పేసి, "ఇప్పుడు ఇంటి బొమ్మ దగ్గరికి తీసుకెళ్లమ్మా" అన్నారు. ఫస్టు ర్యాంకు పిల్ల బట్టీ పట్టిన బటన్లే నొక్కింది. రోబో తిన్నగా బల్ల అంచు దాటి కింద పడింది. చక్రం విరిగింది. ఏడుస్తున్న పిల్లనే హెడ్మాస్టరు గారు తిడుతుంటే ఒళ్లు మండి, అందరి ముందూ ఆయన్ని కడిగేశాను.

సోమవారం అద్దకం వాళ్ల అమ్మాయి వచ్చి, అక్కడ ఏం అడిగారో చెప్పమంది. చెప్పాను. వరండాలో సుద్దముక్కతో గడులు గీసి, తనే రోబోలా నడిచి, ఒక్క మలుపు మార్చి ఇంటి బొమ్మ చేరింది.

"ఇంతేగదండీ! మరి నన్నెందుకు తీసేశారు టీచర్?"

హెడ్మాస్టరు గారే తీసేశారని చెప్పడానికి నోరు తెరిచాను. మార్చిన జాబితా కింద సంతకం నాది.