మా ఊరి కౌన్సిల్‌ను సిటీలో కలిపిన ఏడాది

విదేశంలో యూనివర్సిటీలో చదివే రోజుల్లో నేను సిటీలో కాక, అక్కడికి గంట దూరంలో ఉన్న చిన్న ఊళ్ళో ఉండేదాన్ని. మా అమ్మతో బాపట్లలో నర్సింగ్ చదివిన ఆంటీ ఆ ఊరి వృద్ధుల హోమ్‌లో నర్సు. ఆవిడ ఇంట్లోనే నా గది. హోమ్‌ను నడిపేది ఊరి కౌన్సిలే, మన పంచాయతీ లాంటిది. చుట్టూ ఉన్న మట్టిరోడ్లు, ఆఖరికి శ్మశానం కూడా దాని కిందే ఉండేవి.

నా రెండో ఏడాదిలో మా కౌన్సిల్‌ను సిటీ కౌన్సిల్‌లో కలిపేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. యూనివర్సిటీలో ఎవరికీ అది వార్తే కాదు. నాకూ మొదట అంతే. ఆంటీకి మాత్రం అన్నం సహించలేదు.

"ఇక్కడ హీటర్ పాడైతే మేయర్‌ని బేకరీలో పట్టుకుని అడుగుతానమ్మా. రేపు సిటీలో ఎవర్ని అడగాలి? ఫస్ట్ క్లోజ్ చేసేది మా హోమ్‌నే, చూస్తూ ఉండు" అంది.

ఆదివారాలు చర్చి అయ్యాక ఇద్దరం పొలాల వెంట తిరిగి, కలపొద్దంటూ సంతకాలు సేకరించాం. అలా గొర్రెలు కూడా పెంచే ఒక ముసలి రైతు ఇంటికి వెళ్ళాం. మతిమరుపు జబ్బుతో ఆయన భార్య ఆంటీవాళ్ళ హోమ్‌లోనే ఉంది. ఆయన రోజూ మధ్యాహ్నం పని ఆపి, పది నిమిషాల దూరం ట్రక్కు నడుపుకుని వెళ్ళి, ఆమెకు తన చేత్తో తినిపించేవాడు. ఇంకెవరు పెట్టినా ఆమె తినేది కాదు.

ఈ కలపడం మీద జనం మాట వినే విచారణ సిటీలో, ఒక హోటల్ హాల్లో, సరిగ్గా గోధుమ కోతల వారంలో పెట్టారు. అయినా రైతులు వచ్చారు, చొక్కాల మీద పొట్టుతోనే. మనిషికి మూడు నిమిషాలు. ముసలాయన తన వంతు వచ్చినప్పుడు కాగితాన్ని దగ్గరికీ దూరానికీ జరిపి చూసినా, రాసుకున్నది చదవలేకపోయాడు. వెనక్కి తిరిగి ఆ కాగితం నాకిచ్చాడు.

లేచి చదివాను. అందులో రోడ్ల మాట లేదు, పన్నుల మాట లేదు. భార్యను ఏ కిటికీ దగ్గర కూర్చోబెడితే నోరు తెరుస్తుందో, ఏ చెంచా అయితే భయపడదో రాసి ఉంది. సగంలో గంట మోగింది.

"థాంక్యూ. మిగతాది మాకు పంపండి" అన్నాడు అధికారి.

"ఆ అమ్మాయి ఇంకా పూర్తి చేయలేదు" అన్నాడు ముసలాయన.

"రూల్ అందరికీ ఒకటే సార్."

నేను కూర్చున్నాను. చదువుతూనే ఉండాల్సింది. స్టూడెంట్ వీసా మీద ఉన్నదాన్ని, గొడవైతే ఏమవుతుందో అన్న పిచ్చి భయం. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక గురువారం పొద్దున మా కౌన్సిల్ రద్దయింది. ఆ సంగతి మేయర్‌కే రేడియోలో తెలిసిందట. ఏడు నెలలకు హోమ్ మూసేసి, అందర్నీ సిటీలో పెద్ద హోమ్‌కు మార్చారు. చూపు తగ్గిందని ముసలాయనకు ఊరు దాటి బండి నడిపే అనుమతి లేదు. మరునాడు పొద్దున టోపీ చేత్తో పట్టుకుని మా గేటు దగ్గర నిలబడ్డాడు.

"నువ్వు రోజూ సిటీకి వెళ్తావు కదా?"

తీసుకెళ్ళాను. క్లాసు లేని రోజున కూడా ఉందని అబద్ధం చెప్పి నా కారులో తీసుకెళ్ళాను. కొత్త హోమ్‌లో భోజనాల గదికి కిటికీ లేదు. ఆయన చెంచా పట్టుకుని "ఒక్క ముద్ద, ఒక్కటే" అని బతిమాలేవాడు. ఆమె పెదాలు బిగించి గోడకేసి చూసేది. ఒకరోజు తిరుగు దారిలో అన్నాడు:

"నన్ను మర్చిపోయింది, సరే. ఆకలిని కూడా మర్చిపోతోంది."

చలికాలం చివర్లో ఆమె పోయింది. మా ఊరి శ్మశానంలో గొయ్యి తవ్వాలంటే సిటీ ఆఫీసు అనుమతి కావాలన్నారు. ఆంటీ రోజూ ఫోన్ చేసేది, రోజుకొక కొత్త గొంతుకు మొదటినుంచి చెప్పుకునేది. ఆరు రోజులు ముసలాయన మా వంటింట్లో కూర్చుని, చల్లారిన టీ కప్పు పట్టుకుని, "వచ్చిందా?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఏడో రోజు పూడ్చాం. గొయ్యి పూడ్చడానికి సిటీ నుంచి వచ్చిన ఇద్దరూ మాకు తెలియనివాళ్ళు. ముసలాయన పార అడిగాడు. భద్రతా నియమాలు ఒప్పుకోవని వాళ్ళలో ఒకతను ఇబ్బందిపడుతూనే చెప్పాడు. ఆయన మోకాళ్ళ మీద కూలబడి, దొరికినంత మట్టి చేత్తో తీసి వేశాడు. తర్వాత లేవలేకపోయాడు. నేనూ ఆంటీ చెరో రెక్క పట్టుకుని లేపాం.

ఆ మరుసటి వారం గొర్రెలన్నింటినీ అమ్మేశాడు.